మోడల్ విమానం మీద రంగు దెబ్బతింటే: అతుకు కనబడకుండా బాగుచేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మాస్కింగ్ టేపు (రంగు పడకూడని చోట అంటించేది) తీస్తే రంగు కూడా దాంతోపాటే ఊడి వచ్చింది, రెక్క మీద జిగురు చుక్క పడింది, షెల్ఫ్‌లోంచి తీస్తుంటే తోక గీసుకుపోయింది, ఇప్పుడేం చేయాలి అని తరచూ అడుగుతున్నారు. చాలామంది అడిగేలోపే అదే రంగు సీసా తీసి దెబ్బ మీద బ్రష్‌తో పూసేసి ఉంటారు, ఆరాక చూస్తే అక్కడ ఒక గుంట, దాని చుట్టూ ఒక గట్టు, మధ్యలో మెరుపు తేడాతో ఒక మచ్చ.

మచ్చను పట్టిచ్చేది ముఖ్యంగా దాని అంచు. రంగు ఒక పిసరు అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది కానీ గోరుకు తగిలే మెట్టును క్షమించదు. అందుకే ఈ పనిలో ముప్పావు వంతు రంగు సీసా మూత తీయకముందే జరుగుతుంది, ఇక్కడ కూడా ఆ భాగం గురించే ఎక్కువ రాశాను.

ఇదంతా ప్లాస్టిక్ కిట్‌తో కట్టిన విమానాలకు, అంటే 1/72, 1/48, 1/32 స్కేలు మోడళ్లకు. ఫిల్మ్ అంటించి ఎగరేసే రేడియో కంట్రోల్ విమానాల పద్ధతి వేరు.

1. దెబ్బ ఎంత లోతుకు దిగిందో ముందు చూడండి

మోడల్ మీద మామూలుగా నాలుగు పొరలు ఉంటాయి: ప్లాస్టిక్, దాని మీద ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత), ఆ పైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత). దెబ్బ ఏ పొరలో ఆగిందో తెలిస్తే సగం పని తప్పిపోవచ్చు.

తెల్లగా కనిపించే సన్న గీత అయితే దాని మీద ఒక్క నీటి చుక్క వేయండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే దెబ్బ క్లియర్ కోటులోనే ఉన్నట్టు. అప్పుడు రంగు జోలికి వెళ్లొద్దు, నేరుగా 10వ మెట్టుకు వెళ్లి క్లియర్ కోటు వేస్తే చాలు. తడిలో కూడా కనిపిస్తే రంగు దాకా దిగింది.

రంగు పెచ్చుగా ఊడితే కింద ఏముందో చూడండి. ప్రైమర్ కనిపిస్తే రంగుకు, ప్రైమర్‌కు పట్టు కుదరలేదు. ఒట్టి ప్లాస్టిక్ కనిపిస్తే ప్రైమర్ వేయలేదు, లేదా వేసే ముందు ప్లాస్టిక్‌ను కడగలేదు. ఈ రెండో రకం అయితే చుట్టుపక్కల రంగు కూడా ఊడటానికి సిద్ధంగా ఉందని అనుకుని పని మొదలుపెట్టండి.

2. ఆ మీదున్నది ఏ రకం రంగో తేల్చుకోండి

మీరే వేసిన రంగైతే తెలిసే ఉంటుంది. ఎవరో కట్టిన మోడల్ మీ చేతికొస్తే మాత్రం పరీక్ష చేయక తప్పదు. చక్రాల గుంత లోపలో, చక్రాల తలుపు వెనకో, ఎవరూ చూడని చోట ఇయర్‌బడ్‌తో ఈ వరుసలో రుద్దండి, ఒక్కోటి పదిహేను సెకన్లకు మించకుండా:

- ఐసోప్రొపైల్ ఆల్కహాల్: దూదికి రంగు వెంటనే అంటితే అక్రిలిక్.
- వైట్ స్పిరిట్ లేదా ఎనామెల్ థిన్నర్: దీనికి మెత్తబడితే ఎనామెల్. ఏళ్ల కిందటి ఎనామెల్ గట్టిపడిపోయి లొంగకపోవచ్చు, అది గుర్తుంచుకోండి.
- లాకర్ థిన్నర్: మిగతా రెండిటికీ కదలనిది దీనికే కదిలితే అది చాలావరకు లాకర్. ఇది ప్లాస్టిక్‌ను కూడా తినగలదు కాబట్టి దూది కొనకు మాత్రమే తగిలించి వెంటనే తుడవండి.

అసిటోన్ దగ్గరికి కూడా తేవద్దు. మోడళ్లు చేసే పాలీస్టైరీన్ దాంట్లో కరిగిపోతుంది.

ఇంత గొడవ ఎందుకంటే, ఘాటైన థిన్నర్ ఉన్న రంగును మెత్తటి రంగు మీద వేస్తే కిందిది ముడతలు పడుతుంది. లాకర్ మీద అక్రిలిక్ వేయొచ్చు, ఎనామెలూ వేయొచ్చు. ఎనామెల్ మీద, అక్రిలిక్ మీద లాకర్‌ను తడిగా కొడితే మాత్రం ఉన్న రంగు కూడా పోతుంది.

3. సామాను ముందే పక్కన పెట్టుకోండి

మధ్యలో లేచి వెతుక్కుంటే ఆ తొందరలోనే చెయ్యి తగిలి ఇంకోటి పాడవుతుంది.

- వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే ఉప్పుకాగితం): 1000, 1500, 2000 నంబర్లు, వీలైతే 3000 (నంబరు పెరిగేకొద్దీ నునుపు)
- మంచి మోడలింగ్ మాస్కింగ్ టేపు, పదునైన బ్లేడు
- ప్రైమర్, అసలు రంగు, దాని థిన్నర్, గ్లాస్ (మెరిసే) క్లియర్, మ్యాట్ (మెరుపు లేని) క్లియర్
- ఎయిర్‌బ్రష్ (గాలితో రంగును చల్లే చిన్న పరికరం, 0.2 లేదా 0.3 మి.మీ. సూది), లేకపోతే మంచి మెత్తటి బ్రష్
- వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు నాలుగైదు, రంగు పరీక్షకు
- ఇయర్‌బడ్లు, పళ్లపుల్లలు, పాత మెత్తటి టూత్‌బ్రష్
- నైట్రైల్ గ్లవ్స్, ద్రావకాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు

దుమ్ము మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. నీళ్లతో కలిపే అక్రిలిక్ అయినా ఎయిర్‌బ్రష్‌తో కొట్టినప్పుడు ఊపిరిలోకి వెళ్లేది వెళ్తుంది, కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

4. కడగండి, ఊడేదాన్ని ఊడనివ్వండి

యాంటెన్నాలు, చక్రాల తలుపులు, ప్రొపెల్లర్ లాంటివి సులువుగా వచ్చేస్తే తీసి డబ్బాలో పెట్టండి. కానోపీ (పైలట్ కూర్చునే చోటి పారదర్శక కప్పు) మీద పూర్తిగా టేపు వేయండి.

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపి, దూదితో ఆ భాగమంతా తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవండి. వేళ్ల జిడ్డు కంటికి కనబడదు, కొత్త రంగు ఊడటానికి మాత్రం ఎక్కువసార్లు అదే కారణం. ఇక్కడి నుంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఆరాక చాలామందికి మనసొప్పని పని ఒకటి చేయాలి: దెబ్బ చుట్టూ మాస్కింగ్ టేపు గట్టిగా నొక్కి, లాగండి. ఇంకొంచెం రంగు వచ్చిందా, మళ్లీ అంటించి లాగండి. టేపుకు ఏమీ రాకుండా అయ్యేదాకా ఇదే పని. పట్టు లేని రంగును ఇవాళ దయతలిచి వదిలేస్తే, రేపు దాని మీద వేసిన కొత్త పొరలన్నిటినీ తీసుకుని అది ఊడుతుంది. ఒకసారి ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం మోడల్ రెక్క మీద బఠాణీ గింజంత పెచ్చు లేచింది, చుట్టుపక్కల గట్టిగానే ఉందనుకుని ఆ గుంట మాత్రం పూడ్చి రంగు వేశాను, చివర్లో గుర్తులకు వేసిన టేపు తీస్తుంటే బొటనవేలంత ముక్క లేచింది. మూడు రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది.

జిగురు చుక్క పడితే లెక్క వేరు. తడిగా ఉండగా తుడవొద్దు, మోడల్ సిమెంట్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది కాబట్టి తుడిస్తే ఆ ముద్ద పక్కకు కూడా పాకుతుంది. కనీసం ఒక రోజు వదిలేసి, గట్టిపడ్డాక రుద్దండి. సూపర్ గ్లూ చుక్క చుట్టూ ఉన్న రంగు కన్నా గట్టిది, వాటర్ పేపర్‌ను వేలితో పట్టి రుద్దితే పక్కన గుంట పడుతుంది కానీ అది అరగదు. సన్నటి పుల్లకు వాటర్ పేపర్ అంటించి ఆ చుక్కను మాత్రమే అరగదీయండి.

5. అంచును కరిగించండి, అసలు పని ఇదే

ఊడిన చోట రంగు నిలువుగా తెగి ఉంటుంది. ఆ నిలువు మెట్టును వాలుగా మార్చాలి, నది ఒడ్డు నీళ్లలోకి దిగినట్టు.

వాటర్ పేపర్‌ను సెంటీమీటరు చదరపు ముక్కలుగా కత్తిరించుకోండి. సబ్బు నీళ్లలో తడిపి, పెన్సిల్ వెనక ఉండే రబ్బరు లాంటి మెత్తటి దాని మీద పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రుద్దండి. బరువు వేయొద్దు, కాగితాన్ని తన పని తనను చేసుకోనివ్వండి.

రంగు మందంగా ఉంటేనే 1000తో మొదలుపెట్టండి, ఎయిర్‌బ్రష్‌తో వేసిన సన్నటి రంగుకు 1500 సరిపోతుంది, ఆఖరుకు 2000. పదిసార్లు రుద్దాక ఆగి, తుడిచి, వాలుగా వెలుతురు పడేలా పట్టుకుని చూడండి.

సరిగ్గా వస్తోందని ఎలా తెలుస్తుందంటే, మధ్యలో ప్లాస్టిక్, దాని చుట్టూ ప్రైమర్ వలయం, దాని చుట్టూ రంగు, ఇలా వలయాలుగా కనిపిస్తుంది. ఒక్కో వలయం మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే వాలు బాగా వచ్చినట్టే. వలయం గీతలా సన్నగా ఉంటే మెట్టు ఇంకా ఉంది. కళ్లు మూసుకుని గోరుతో లోపలి నుంచి బయటికి గీయండి, ఎక్కడా తట్టకూడదు. కళ్లు తెరిచి చూస్తే ఉన్న మెట్టును కూడా లేదనుకుంటాం, అందుకే మూసుకోమన్నది.

పెచ్చు పెద్దదై, వాలు చేయాలంటే సగం రెక్క అరగదీయాల్సి వస్తుందనుకుంటే, గుంటలో చిక్కటి ప్రైమర్‌ను (మిస్టర్ సర్ఫేసర్ 1000 లాంటిది) పళ్లపుల్లతో పెట్టి, ఒక రోజు ఆరనిచ్చి, చుట్టూ ఉన్న ఎత్తుకు సమంగా రుద్దండి. ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి రెండుసార్లు పెట్టాల్సి రావచ్చు.

ప్యానెల్ గీతలు (విమానం రేకుల మధ్య అతుకులను చూపే గీతలు), రివెట్లు ఉన్న చోట నెమ్మది. పైకి లేచి ఉండే రివెట్లు ఒకసారి అరిగితే తిరిగి రావు, ముందే వాటి మీద టేపు ముక్క వేయండి. లోపలికి గీసిన గీతల్లో రంగు పొడి చేరితే తడి టూత్‌బ్రష్‌తో కడగండి. గీత లోతు తగ్గిపోతే పక్కన మందపాటి టేపు ఆసరాగా పెట్టి, సూదితో బరువు వేయకుండా నాలుగైదు సార్లు లాగండి. ఇది ప్రైమర్‌కు ముందే చేయాలి, రంగయ్యాక సూది పెడితే అంచులు పెచ్చులు లేస్తాయి.

ముందుకు వెళ్లే ముందు:

- గోరుకు ఎక్కడా మెట్టు తగలడం లేదు
- టేపు వేసి లాగితే ఏమీ రావడం లేదు
- ప్యానెల్ గీతలు తెరిచి ఉన్నాయి
- కడిగి, పూర్తిగా ఆరింది

6. ప్రైమర్

ప్లాస్టిక్ బయటపడిన చోట, దాని చుట్టూ వాలు మీద మాత్రమే వేయండి. రెండు మూడు పలుచని పొరలు చాలు. ఆరాక 2000తో ఒకసారి తాకీ తాకనట్టు రుద్దండి.

ఇక్కడ ప్రైమర్‌కు ఇంకో ఉపయోగం ఉంది, అన్నీ ఒకే బూడిద రంగులోకి వచ్చాక గీతలు, మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. కనిపిస్తే మళ్లీ 5వ మెట్టుకు వెళ్లండి. విసుగొస్తుంది, వెళ్లండి.

పాత రంగు అక్రిలిక్ లేదా ఎనామెల్ అయ్యుండి మీ దగ్గరున్నది లాకర్ ప్రైమర్ అయితే, కొంచెం దూరం నుంచి మంచులా చల్లి, ఆరనిచ్చి, మళ్లీ చల్లండి. ఒక్కసారిగా తడిపేస్తే అంచులు ముడుచుకుంటాయి. నీళ్ల అక్రిలిక్ ప్రైమర్ వాడితే ఈ బెడద లేదు, కానీ వాటిలో చాలావి రుద్దితే పొడి రాలకుండా రబ్బరులా చిరుగుతాయి, కాబట్టి రుద్దే అవసరం లేనంత పలుచగా వేయండి.

7. రంగు కలపడం, చెంచా మీద పరీక్ష

అదే సీసా కదా, అదే రంగు వస్తుందని నమ్మకండి. సీసా అడుగున పేరుకున్న పొడి సరిగ్గా కలవకపోయినా తేడా వస్తుంది, పైగా మోడల్ మీద రంగు వయసుతో, క్లియర్ కోటుతో, వెదరింగ్‌తో (వాడి పాతబడినట్టు కనిపించేలా వేసే మరకలు, మసితో) మారి ఉంటుంది.

ప్లాస్టిక్ చెంచా వెనక వైపు మీరు వాడిన ప్రైమరే వేసి, దాని మీద రంగు, దాని మీద అదే క్లియర్ కోటు వేసి, పూర్తిగా ఆరాక మోడల్ పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. తడి రంగును చూసి నిర్ణయం తీసుకోవద్దు, చాలా అక్రిలిక్‌లు ఆరితే ముదురుతాయి. మ్యాట్ క్లియర్ రంగును కొంచెం లేత చేస్తుంది, గ్లాస్ ముదురు చేస్తుంది.

పాత రంగు వెలిసిపోయి ఉంటే కొత్తదాంట్లో కొంచెం లేత బూడిదో, లేత గోధుమ రంగో చుక్క చుక్కగా కలపండి. ఒట్టి తెలుపు కలిపితే ఆకుపచ్చలు సుద్దలా మారతాయి. పూర్తిగా కలవకపోతే ఏ వైపు తప్పాలంటే, నా మటుకు లేత వైపు. వెదరింగ్‌తో ముదురు చేయడం సులువు.

8. మాస్కింగ్: మచ్చ దగ్గర ఆగొద్దు, ప్యానెల్ గీత దాకా వెళ్లండి

దెబ్బ చిన్నదైనా ఆ ప్యానెల్ మొత్తానికి రంగు వేయండి. నిజమైన విమానాల్లో కూడా ఒక ప్యానెల్‌కు, పక్క ప్యానెల్‌కు ఛాయ తేడా ఉంటుంది కాబట్టి గీత దగ్గర ఆగిన తేడా సహజంగా కనిపిస్తుంది, ప్యానెల్ నట్టనడుమ ఆగిన తేడా మచ్చలా కనిపిస్తుంది.

టేపును శుభ్రమైన గాజు మీద రెండు మూడుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది, అప్పుడు మోడల్‌కు వేయండి. అంచు మాత్రం నొక్కండి, టేపు మొత్తాన్ని రుద్దకండి.

డెకాల్‌ల (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్ల) మీద టేపు వేయొద్దు. ఆ భాగం మీద జిగురు లేని కాగితం ముక్క కప్పి, డెకాల్‌కు దూరంగా నాలుగు మూలలా టేపు వేస్తే సరిపోతుంది. కామఫ్లాజ్‌లో రెండు రంగులు మెత్తగా కలిసే చోట, అంటుకునే పుట్టీని సన్నటి తాడులా చుట్టి పెడితే అంచు మృదువుగా వస్తుంది.

9. రంగు వేయడం

రంగును పాల చిక్కదనానికి పలుచన చేయండి. చిన్న మరమ్మతుకు గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్‌ఐ, దూరం ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. వల్లేజో లాంటి రంగుల్లో ఆల్కహాల్ పోస్తే గడ్డలు కడుతుంది, వాటి సొంత థిన్నర్ వాడండి. టామియా అక్రిలిక్‌కు ఆల్కహాల్ పనికొస్తుంది.

1. ముందు కాగితం మీద ఒక గీత కొట్టి ధార సరిగ్గా ఉందో చూడండి.
2. ప్రైమర్ కనిపించే చోట మాత్రం రెండు పలుచని పొరలు. ప్రైమర్ ఇంకా కొంచెం కనిపిస్తూనే ఉండాలి.
3. తర్వాతి పొర ఇంకొంచెం వెడల్పుగా, ఆ తర్వాతిది ప్యానెల్ గీత దాకా.
4. ప్రతి పొర మధ్య మెరుపు పోయేదాకా ఆగండి.
5. టేపు అంచు వైపుకు ఎదురుగా కొట్టొద్దు, టేపు మీంచి లోపలికి కొట్టండి. లేకపోతే అంచులో రంగు గట్టులా పేరుకుంటుంది.
6. ధారను మోడల్ బయటే మొదలుపెట్టి బయటే ఆపండి.

స్ప్రే డబ్బా మాత్రమే ఉంటే చిన్న చోటికి నేరుగా కొట్టొద్దు. స్ట్రా గుండా మెల్లగా ఒక కప్పులోకి కొట్టి, బుడగలన్నీ పోయేదాకా మూత బిగించకుండా వదిలేసి, ఆ తర్వాత ఎయిర్‌బ్రష్‌లోనో బ్రష్‌తోనో వాడండి.

ఎయిర్‌బ్రష్ లేకపోతే అగ్గిపుల్ల తలంత పెచ్చుల వరకు బ్రష్ చక్కగా పనికొస్తుంది. రంగును పలుచన చేసి, బ్రష్‌ను కాగితం మీద సగం తుడిచి, ఒకే దిక్కుగా నాలుగైదు పొరలు. తడిగా ఉన్న చోటికి మళ్లీ వెళ్లొద్దు. అంతకన్నా పెద్దదైతే స్పాంజి ముక్కతో అద్దడం మేలు, బ్రష్ గీతలు పడవు.

టేపును రంగు వేలికి అంటని స్థితికి రాగానే, దాని మీదకే మడిచినట్టు వెనక్కి లాగుతూ, నిదానంగా తీయండి.

10. క్లియర్ కోటు

రంగు కలిసినా మెరుపు కలవకపోతే మరమ్మతు దాగదు. అందుకే క్లియర్‌ను ప్యానెల్‌కు మాత్రం కాకుండా ఆ రెక్క మొత్తానికో, ఆ పక్క మొత్తానికో వేయండి.

అక్రిలిక్ అయితే ఒక రోజు, ఎనామెల్ అయితే కనీసం రెండు రోజులు ఆగండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు. కొత్త డెకాల్ వేయాలంటే ముందు గ్లాస్, దాని మీద డెకాల్, ఆ పైన మళ్లీ గ్లాస్, ఆఖరున మ్యాట్. గాలిలో తేమ ఎక్కువున్న రోజు, వాన పడుతున్న రోజు మ్యాట్ వేయొద్దు, తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది.

11. ఇలా అయితే ఏం చేయాలి

మ్యాట్ తెల్లబారింది: పొడి వాతావరణం ఉన్న రోజు దాని మీద ఒక గ్లాస్ పొర వేయండి, చాలాసార్లు తెలుపు పోతుంది. తర్వాత పలుచగా మ్యాట్.

రంగు కారింది: ముట్టుకోవద్దు. రెండు రోజులు ఆరాక 1500, 2000తో ఆ కారిన ధారను రుద్ది, పైన ఒక పలుచని పొర.

నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది: రంగు చిక్కగా ఉంది, లేదా దూరం ఎక్కువై దారిలోనే ఆరిపోయింది. ఆరాక 2000తో సమం చేసి, థిన్నర్ పెంచి మళ్లీ వేయండి. గ్లాస్ పొర అయితే 3000 తర్వాత పాలిషింగ్ కాంపౌండ్.

వేలిముద్ర పడింది: పైపైన ఉంటే ఆరాక 3000తో పోతుంది. లోతుగా ఉంటే 5వ మెట్టు.

రంగు ముడతలు పడింది, పగుళ్లు వచ్చాయి: దీన్ని కప్పిపెట్టలేం. ఆ ప్యానెల్ రంగు మొత్తం తీసేసి ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలి.

కానోపీ మీద రంగు పడింది: థిన్నర్ వాడొద్దు. పళ్లపుల్ల కొనను నీళ్లలో నానబెట్టి మెల్లగా గీకండి, ప్లాస్టిక్‌కు గీత పడదు.

12. మెటల్ ఫినిష్ అయితే

అల్యూమినియంలా మెరిసే ఫినిష్‌కు ఇందులో చాలా పద్ధతులు పనికిరావు. దానికి అతుకు వేయలేం, వాటర్ పేపర్ గీత 2000దైనా మెరుపు కింద కనిపిస్తుంది. ప్యానెల్ మొత్తం రంగు తీసి, 3000 దాటి పాలిష్ చేసి, నిగనిగలాడే నల్ల పూత వేసి, అది నిజంగా ఆరాకే మెటల్ రంగు వేయండి. పక్క ప్యానెల్‌కు ఛాయ కలవకపోయినా పర్వాలేదు, అలాంటి తేడా అసలు విమానాల మీద కూడా ఉండేదే.

పని అయ్యాక మిగిలిన రంగును పారేయకండి. చిన్న సీసాలో పోసి, ఏ రంగులో ఏది ఎన్ని చుక్కలు కలిపారో, పైన ఏ క్లియర్ వేశారో రాసి సీసాకు అంటించి, పరీక్షించిన చెంచాను కూడా దానితోనే పెట్టండి. ఆ మోడల్‌కు ఇంకోసారి దెబ్బ తగిలితే 2వ మెట్టు, 7వ మెట్టు చాలావరకు తప్పుతాయి.